మొగ్గ వాసన

ఒడీల్ ఫెక్తో ముందు రెండు కప్పులు మిగిలాయి. పోయిన వారం మనం ఆమెను వదిలిపెట్టింది అక్కడే. బోస్ లోయలోని సాంత్-ఒలివిన్ ఊరు, చర్చి హాలు వెనక చిన్న గది. ఏటా మంచు కరిగే వేళకి జరిగే పోటీ, మేపుల్ చెట్ల నుంచి కారే నీటిని కాచి తీసే పాకం పోటీ, చివరికొచ్చింది. ఊళ్లో పాకం కాచే ఇళ్లన్నీ పంపిన డబ్బాలను రుచి చూసి, తీసేసి, మళ్లీ చూసి, చివరికి రెండు ఉంచారు. తీర్పు చెప్పాల్సినవాళ్లు ముగ్గురు. ఊళ్లో రొట్టెల బట్టీ నడిపే యూబెర్ రొద్రిగ్ ఎడమ కప్పు అన్నాడు. మాంట్రియల్‌లో హోటల్ వంటశాల నడిపే సొలాంజ్ బిబో కుడి కప్పు అంది. మూడో మాట ఒడీల్‌ది. ఆమె ఆ ఊరి పిల్లే. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి, పాకం నాణ్యత చూసే ఉద్యోగం చేస్తోంది, సొంత ఊరి పోటీకి తీర్పరిగా ఇదే మొదలు.

ఆ పొద్దున హాలు వాకిట్లో తండ్రి ఫెర్నాన్ పాత ట్రక్కు ఆగి ఉండటం ఆమె కిటికీలోంచి చూసింది. ఆమెకి బుద్ధి తెలిశాక ఆయన ఏ పోటీకీ డబ్బా పంపినవాడు కాదు. వెంటనే వెళ్లి పోటీ పెద్ద మదామ్ ఉగెత్ లెస్సార్‌తో, తాను తప్పుకుంటానని చెప్పింది. ముసలావిడ ఆప్రాన్ ముడి బిగించుకుంటూ, "ఈ ఊళ్లో ఎవరికీ చుట్టం కాని మనిషిని నేనెక్కడి నుంచి తేను? కప్పుల మీద పేర్లు కనపడనిది అందుకే. పోయి కూచో" అంది.

కూచుంది. ఇప్పుడా ఎడమ కప్పే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

కప్పులు ముదురు నీలం గాజువి. లోపలి రంగు బయటికి తెలియదు. ఎడమ దాన్ని పెదవికి ఆనించగానే ఒడీల్‌కి గది గుర్తు లేకుండా పోయింది. ఏప్రిల్ చివరి రోజులు. బురద మెత్తిన బూట్లు గుమ్మం బయట. మామ్మ పెనం మీద పలచటి అట్లు పోస్తుంటే, తమ్ముళ్లతో పోట్లాడి డబ్బా అడుగుని రొట్టెముక్కతో తుడుచుకు తినడం. నాన్న షెడ్డులోంచి వచ్చి పొయ్యి ముందు చేతులు చాపుకుని నిలబడటం, ఆయన చొక్కాకి అదే వాసన. ఇది మా నాన్నది, అనుకుంది. ఇంకెవరిదీ కాదు. కళ్లు చెమర్చాయి.

యూబెర్ అది చూడనే చూశాడు. "ఇంకా ఏం చూస్తావు ఒడీల్? నీ కళ్లే ఓటేశాయి. ఇది పాకం అంటే. రెండోదీ ఉంది, ఎందుకూ, తీపి నీళ్లు."

"నాకు ఎడమది క్యాబేజీ ఉడికించిన నీళ్లలా ఉంది" అంది సొలాంజ్. "నచ్చలేదంతే."

"పట్నం నోరు. సాస్‌లకి అలవాటు పడిపోయింది."

"మీది పల్లెటూరి నోరు. మీ అమ్మ చేతివంటకి అలవాటు పడిపోయింది."

"మా అమ్మ జోలికి రాకండి మదామ్. పొద్దున మీరు మెచ్చుకుని రెండుసార్లు వడ్డించుకున్న బీన్స్ ఆవిడ పద్ధతిలో వండినవే."

సొలాంజ్ నవ్వింది. యూబెర్ నవ్వలేదు. ఇద్దరూ ఒడీల్ వైపు తిరిగారు.

ఒడీల్ నీళ్లు తాగి, ఉప్పులేని రొట్టెముక్క నమిలి, గిన్నెలో ఉమ్మేసింది. నోట్లో పాత రుచి పోయేదాకా ఊరుకుంది. "మదామ్, మీకు నచ్చకపోవడం కారణం కాదు. కుడిది ఎందుకు మంచిదో చెప్పండి."

"తేలిగ్గా ఉంది. నా వంటకాల్లోకి చక్కగా సరిపోతుంది."

"అది మీ వంటకాల సంగతి. పాకం సంగతి చెప్పండి."

సొలాంజ్ మళ్లీ కుడి కప్పు అందుకుంది. యూబెర్‌కి హుషారొచ్చి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఒడీల్ అతని వైపు తిరిగింది. "మీరు కూడా. ఇంటిని గుర్తు చేసింది అని కాకుండా ఎడమ దాని గురించి ఒక్క మాట చెప్పండి."

"చిక్కగా ఉంది. ముదురుగా..."

"చిక్కదనం రెండింటికీ ఒకటే, పొద్దున కొలిచాం. ముదురు రుచి తప్పూ కాదు, గొప్పా కాదు. ఇంకా?"

"ఇంకా ఏముంటుంది? తింటే బాగుంది."

కుడి కప్పు ఎత్తింది ఒడీల్. మొదటిసారి తాగినప్పుడు అది ఆమెతో ఏమీ మాట్లాడలేదు. ఎవరూ కాపురం ఉండని ఇల్లు ఎంత శుభ్రంగా ఉంటే ఏం, అలా అనిపించింది. ఈసారి తొందరపడలేదు. నాలుక మీద నిలిపి ఉంచింది. ముందు తీపి, గొంతు పట్టుకోని తీపి. దాని వెనక ఎక్కడో అప్పుడే చీల్చిన పచ్చి కర్ర సువాసన, వేడి పాలమీగడ లాంటిదేదో. తర్వాత అన్నీ ఒక్కటొక్కటిగా తప్పుకున్నాయి. నోరు మంచు తిన్నట్టు తేటగా మిగిలింది. ఎక్కడా మాడు లేదు, పులుపు లేదు, పాత పీపా కంపు లేదు. వెతికింది. కావాలనే వెతికింది, ఒక్క తప్పు దొరికితే బాగుండునని. దొరకలేదు.

మళ్లీ ఎడమది. మళ్లీ ఇల్లు, మళ్లీ మామ్మ. ఈసారి ఆ ఇంటిని కాస్త పక్కకి జరిపి వెనక ఏముందో చూసింది. మింగింది. నోరు మూసుకుని ఊరుకుంది. నెమ్మదిగా వచ్చింది అది. ముందు కోకో లాంటి వాసన, దాని అడుగున పచ్చి ఆకుల చేదు, చిట్టచివర సొలాంజ్ చెప్పిన క్యాబేజీ.

మొగ్గ వాసన. ఎండ ముదిరి చెట్టు మొగ్గ తొడగడం మొదలుపెట్టాక కారే నీటిని కాస్తే వచ్చేది. ఉద్యోగంలో ఆమె రోజూ పట్టుకునే తప్పు. పరాయి ఊళ్ల పీపాల్లో ముక్కు పెట్టగానే తెలిసేది. మరి ఇక్కడ ఇంతసేపు ఎందుకు పట్టిందో కూడా అప్పుడే తెలిసింది.

"యూబెర్, చిన్నప్పుడు మీ ఇంట్లో ఏ పాకం తినేవాళ్లు?"

"మా పాకమే. ఇంకెవరిది తింటాం?"

"మొదటి కాపుదా, మంచు ఉండగా కాచినదా?"

"మొదటి కాపు ఎవడు తింటాడే? అది పీపాలు కొనే రొసేర్ వేయో లారీ ఎక్కేది. రెండోదీ అంతే. ఇంట్లోకి చివరిది ఉంచుకునేవాళ్లం. వేయో తీసుకోనన్నది."

"ఎందుకు తీసుకోననేవాడు?"

యూబెర్ ఎడమ కప్పు తీసుకుని ఒక గుక్క తాగాడు.

"మింగాక వెంటనే మాట్లాడకండి" అంది ఒడీల్. "ఊరుకోండి. చివరికి ఏం మిగులుతుందో చూడండి."

యూబెర్ మొహంలో ముందు మొండితనం, తర్వాత అనుమానం, తర్వాత దిగులు కనిపించాయి. కప్పు కింద పెట్టాడు.

"అయితే మా అమ్మ మాకు పెట్టింది చెడ్డ పాకమంటావు."

"మీ అమ్మ ఉన్నదాంట్లో మీకు పెట్టింది. మా అమ్మా అంతే. మనకది ఇష్టం కాకపోతే ఆశ్చర్యం గానీ, ఇష్టమైతే ఏముంది? చచ్చేదాకా ఇష్టమే. కానీ ఇందులో మొగ్గ వాసన ఉంది యూబెర్. నేను చెప్పినందుకు కాదు, మీకూ దొరికింది కదా."

అతను మీసం తుడుచుకున్నాడు. "దొరక్కపోతే బాగుండేది."

"నాకూ అంతే."

తలుపు తీసి మదామ్ ఉగెత్‌ని పిలిచింది. ఈ మాటతో తండ్రి జీవితంలో పెట్టిన ఒకే ఒక్క డబ్బాను తాను ఓడిస్తున్నానని ఒడీల్ పూర్తిగా నమ్మింది. నమ్మే, "కుడిది" అంది. గొంతు వణకలేదు. అందుకు ఆమెకి తన మీద తనకి గర్వం కలిగింది.

* * *

హాల్లో బఠానీల సూపు, హామ్, వేయించిన పంది చర్మం వాసనలు కలగలిసి ఉన్నాయి. బెంచీల మీద ఊరంతా ఉంది. గోడ మీద వరసగా చెక్క పలకలు, ఏ ఏడు ఎవరు గెలిచారో చెప్పేవి. వాటిలో చాలావాటి మీద ఒకటే పేరు: రొసేర్ వేయో. ఊళ్లో పీపాలన్నీ కొని, పట్నాలకి డబ్బాల్లో పంపే పెద్దమనిషి. ఆయన ఎప్పటిలాగే ముందు బెంచీలో కాలు మీద కాలేసుకుని కూచున్నాడు. ఫెర్నాన్ ఫెక్తో చివర, కోట్లు తగిలించే కొక్కేల దగ్గర నిలబడి ఉన్నాడు, దారి తప్పి లోపలికొచ్చిన మనిషిలా.

మదామ్ ఉగెత్ వేదిక మీద ఖాళీ చేసిన రెండు కప్పులనీ బోర్లించింది. అడుగున అంటించిన పట్టీల మీద పేర్లుంటాయి. ముందు ఎడమ దాన్ని గోకి తీసింది.

"రెండో స్థానం. రొసేర్ వేయో."

ఒడీల్ తప్పు విన్నాననుకుంది.

ముసలావిడ రెండో పట్టీని కళ్లద్దాలకి దగ్గరగా పెట్టుకుంది. చదివి, ఒకసారి హాలు చివరికి చూసింది. "ఈ ఏటి మేటి పాకం. ఫెర్నాన్ ఫెక్తో."

హాలంతా తలలు తిప్పి ఫెర్నాన్ కోసం వెతికింది. తర్వాత బెంచీలు కదిలాయి. ఎవరో ఫెర్నాన్‌ను వీపు మీద తట్టి ముందుకు తోశారు. "పోవయ్యా, నిన్నే. ఇంకో ఫెర్నాన్ లేడిక్కడ." ఆయన టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ, తన బూట్ల వంక చూసుకుంటూ వచ్చాడు. వేదిక దగ్గర తల ఎత్తి కూతుర్ని చూశాడు. ఆయన గడ్డం అదిరింది.

ఒడీల్ అక్కడే నిలబడిపోయింది. ఆ తేటదనం, ఆ పచ్చి కర్ర సువాసన మా నాన్న చేతిదా? ఆ షెడ్డులో పుట్టి పెరిగింది తను. పొయ్యిలోకి కట్టెలందించింది. నురగ తీసింది. అయినా తండ్రి మొదటి కాపు పాకం ఇన్నేళ్లలో ఒక్కసారి నాలుక మీద పెట్టుకోలేదు. కాగగానే పీపా, పీపా నిండగానే లారీ. ఆయనెంత పనివాడో ఆ ఇంట్లో ఎవరూ రుచి చూడనే లేదు.

"మంచిది" అన్నాడు రొసేర్ వేయో, లేచి నిలబడి. ఆయన గొంతెప్పుడూ పెరగదు. "చదువుకున్న నాలుక తిరిగి తిరిగి సొంత ఇంటి గుమ్మంలోనే వాలింది. పిల్లని చదివించినందుకు ఫెర్నాన్‌కి గిట్టుబాటయింది."

నవ్వులు లేచాయి. కొన్ని మొహమాటపు నవ్వులు, కొన్ని నిజమైనవి. హాల్లో సగం మందికి పీపాలు కొనేది ఆయనే.

"ఇంతకీ నా పాకంలో తప్పేమిటి, మాద్మ్వాజెల్?"

"మొగ్గ వాసన, మసియో వేయో."

"ఓహో." ఆయన వేదిక మీది తెరిచిన డబ్బా అందుకుని ముందు బెంచీకిచ్చాడు. "చెంచాలున్నాయిగా? తలా కాస్త తినండి. తిని, బాగోలేదన్నవాళ్లు చెయ్యెత్తండి."

డబ్బా చేతులు మారింది. చెంచాలు నాకారు. ఒక ముసలాయన కళ్లు మూసుకుని, "దేవుడా, మా అమ్మ" అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు.

"చూశావుగా. ఊరంతటికీ నచ్చింది. తినేవాళ్లకి నచ్చడం కాక, పాకానికి ఇంకో పరీక్ష ఏముంటుందమ్మా? తప్పంట, తప్పు. కాలేజీలో రాసిచ్చారా?"

ఒడీల్ మెట్లు దిగి ఆయనకి ఎదురుగా వచ్చింది. "నాకూ నచ్చింది. ఇక్కడ అందరికన్నా ఎక్కువ నచ్చిందేమో. నోట్లో పెట్టుకుంటే ఏడుపొచ్చింది, యూబెర్‌ని అడగండి. అది మా నాన్న పాకమే అనుకున్నాను. అనుకునే కాదన్నాను."

నవ్వులు ఆగాయి. ఫెర్నాన్ చేతుల్లో టోపీ తిరగడం ఆగింది.

"మనందరం పెరిగింది చివరి కాపు మీద" అంది ఆమె, ఇప్పుడు హాలంతటికీ. "మంచిది అమ్ముకున్నాం, మిగిలింది తిన్నాం. అదంటే మనకి ఇష్టం, ఇష్టంగానే ఉండనివ్వండి. నేను రేపు ఇంటికెళ్లి అట్ల మీద అదే పోసుకుంటాను. కానీ నాకేది ఇష్టమో చెప్పడానికి మీరు నన్ను ఆ గదిలో కూచోబెట్టలేదు. కప్పులో ఏముందో చెప్పమని కూచోబెట్టారు. మన వాళ్లు కాచిన మంచి పాకం ఎంత మంచిదో మనకే తెలియదు. దాన్ని మంచిదని చెప్పడం మనం నేర్చుకోకపోతే, కొనుక్కునే వాళ్లు చెబితే వినాల్సిందే."

వెనక నుంచి ఒక ఆడగొంతు, "నిజమేనర్రా" అంది మెల్లగా.

వేయో చిరునవ్వు చెదరలేదు. "మాటలు బాగున్నాయి. నోరు కూడా అంత బాగా పనిచేస్తుందేమో ఊరంతా చూస్తే పోలా? ప్రతివాళ్లూ రెండేసి డబ్బాలిచ్చాం. రెండోవి సీలు వేసి మదామ్ ఉగెత్ అలమారాలో ఉన్నాయి. ఒకే కాపువి. అవి తెరవండి. ఏది నాదో చెప్పకుండా పోయండి. ఆ మొగ్గ ఎక్కడుందో ఈ పిల్లని చూపించమనండి. చూపిస్తే నేను నోరు మూసుకుంటాను. చూపించలేకపోతే బహుమతీ వద్దు, తీర్పరి కుర్చీ కూడా వద్దు."

మదామ్ ఉగెత్ ఒడీల్ వైపు చూసింది. అక్కర్లేదని తల తిప్పితే చాలు, అక్కడితో ఆగిపోయేది.

"తెరవండి" అంది ఒడీల్.

సీళ్లు అందరికీ చూపించి, ముసలావిడ మడత తెర వెనక్కి వెళ్లింది. తెర పక్క సందులోంచి ఒడీల్‌కి ఆమె మోచేయి ఒక్కటే కనిపిస్తోంది. మొదటి డబ్బా వంపింది. రెండోది వంపుతుండగా ఆ మోచేయి ఒక్క క్షణం నిలిచిపోయింది. తర్వాత మామూలుగానే కదిలింది. నీలం కప్పులు రెండూ బల్ల మీదికొచ్చాయి.

నీళ్లు. రొట్టెముక్క. మొదటి కప్పు.

తేటదనం, పచ్చి కర్ర, మీగడ. ఇందాక అపరిచితంగా ఉన్న రుచి ఇప్పుడు పేరు పెట్టి పిలిచినట్టుంది. నాన్నా, అనుకుంది లోపల.

మళ్లీ నీళ్లు. రెండో కప్పు. మింగి, మొగ్గ కోసం ఎదురుచూసింది. రాలేదు. ఇంకో గుక్క తీసుకుని అలాగే ఆగింది. అప్పుడూ రాలేదు. రెండోదాంట్లో తప్పుందని అంటే అందరూ నమ్ముతారు. యూబెర్ ముందే తలూపేస్తున్నాడు. లేని వాసన ఉందని అంటే తండ్రి పలక గోడ మీద నిలుస్తుంది. ఆమె వేయో వంక చూసింది. ఆయన ఓడిపోబోయే మనిషిలా లేడు. చేపకి గాలం తగలడం కోసం కూచున్నవాడిలా ఉన్నాడు.

ఒడీల్ కప్పు దింపింది.

"ఇందులో మొగ్గ వాసన లేదు. ఎందులోనూ లేదు. ఈ రెండూ ఒకే పాకం."

"విన్నారా" అన్నాడు వేయో, చేతులు చాచి. "గంట కిందట నా పాకం చెడ్డది. ఇప్పుడు రెండూ ఒకటే. ఇదీ మన తీర్పరి."

"గంట కిందట కప్పులో ఉంది. ఇప్పుడు లేదు. ఉన్నప్పుడు ఉందన్నాను, లేనప్పుడు లేదంటున్నాను. మీ మొదటి డబ్బాలో ఒకటి, రెండో డబ్బాలో ఇంకొకటి పోశారు మసియో వేయో. ఊరివాళ్ల నోళ్ల కోసం ఒకటి. పేచీ వస్తే చూపించడానికి ఒకటి."

హాల్లో గుసగుసలు లేచాయి. మదామ్ ఉగెత్ తెర మడిచేసింది. "పోస్తుంటే రంగు చూసి నాకూ చెయ్యి ఆగింది. చెప్పడం నా పని కాదని ఊరుకున్నాను."

అప్పుడు కదిలాడు ఫెర్నాన్. ఎవరినీ అడగకుండా బల్ల దగ్గరికొచ్చి రెండో కప్పు ఎత్తాడు. కొంచెమే తాగాడు. మార్చిలో మంచు మోకాలి లోతు ఉండగా కాచిన పాకాన్ని, కాచినవాడే మొదటిసారి నింపాదిగా రుచి చూస్తున్నాడు.

"ఇది నాది" అన్నాడు. "మొదటి కాపు. పోటీకి డబ్బాలు తీసి పెట్టుకుని, పీపా నీకే అమ్మాను రొసేర్. నీ లారీయే పట్టుకెళ్లింది." కప్పు జాగ్రత్తగా కింద పెట్టి, "బాగుంది కదూ?" అని అడిగాడు కూతుర్ని, మెల్లగా.

"చాలా బాగుంది నాన్నా."

అందరి తలలూ ఒక్కటొక్కటిగా గోడ వైపు, ఆ చెక్క పలకల వైపు తిరిగాయి. ఒక్కో పలక మీద ఒక్కో ఏడు, అదే పేరు. ముసలాళ్లు తమ తమ పీపాలు ఏ ఏడు ఏ లారీ ఎక్కాయో గుర్తు చేసుకుంటున్నట్టు పెదాలు కదుపుతున్నారు. యూబెర్ లేచి వేయో పేరున్న మొదటి పలక కిందికి వెళ్లి నిలబడ్డాడు.

"ఆ ఏడు మా అమ్మ కాచింది" అన్నాడు. "రొసేర్, ఆ ఏడు నువ్వు పోటీకి పెట్టింది ఎవరి పాకం?"

రొసేర్ వేయో టోపీ అందుకుని తలుపు వైపు నడిచాడు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు పక్కకి జరగలేదు.